నక్కకు లెక్క రాదు

వెళ్తున్నాడు. మంచులో ఆయన బూట్ల చప్పుడు కరకరమని వినిపిస్తూనే ఉంది, గుడారం తలుపుగుడ్డ ఆయన వెనకాల ఇంకా ఊగుతూనే ఉంది, నేను మాత్రం కదలకూడదు. కదలకూడదు, మాట్లాడకూడదు, ముక్కు కూడా చీదకూడదు, ఎందుకంటే పొలం అవతల సీడర్ చెట్ల కింద నక్క కూర్చుని ఆయన వెళ్ళడమే చూస్తోంది. నక్క ఫొటో కోసం ఇదంతా నేను వేసిన పథకమే. ఇద్దరం నక్క చూస్తుండగానే గుడారంలోకి రావాలి, కాసేపాగి ఒకరు బయటికెళ్ళి, చేతులూపుకుంటూ, బాగా కనబడేలా రోడ్డు మీది కారు దాకా నడిచిపోవాలి. నక్కకు లెక్క రాదు. మనుషులొచ్చారు, మనుషులు పోయారు, ఇక ఇది ఖాళీ అనుకుంటుంది. పక్షుల దగ్గర ఎప్పుడూ పారే కిటుకు, నక్క దగ్గర ఒక్కోసారి పారుతుంది. గంట తర్వాత వెళ్ళినవాళ్ళే మళ్ళీ వచ్చి లోపలున్నవాళ్ళను తీసుకుపోవాలి, లేకపోతే ఖాళీ గుడారంలోంచి మనిషి ఊడిపడటం చూసి నక్క మళ్ళీ ఈ పొలం మొహం చూడదు. ఈ శీతాకాలమంతా పిలవగా పిలవగా ఇవాళ్టికి ఒప్పుకున్నాడు అచ్యుత్. ఒప్పుకుని, వచ్చి, నా పక్కన మడతకుర్చీలో కూర్చుని, నా చెవి దగ్గరకు వంగి, నన్ను వదిలి వెళ్ళిపోతున్నానని చెప్పి, లేచి, అనుకున్న ప్రకారమే చేతులూపుకుంటూ వెళ్తున్నాడు.

"కాల్గరీల జాబ్ తీసుకున్న, హైమా. మార్చిల జాయినింగ్. నేనొక్కన్నే పోత." అంతా గుసగుసలోనే. ఆయన పెదవులు నా చెవికి తగిలినప్పుడు నేను నవ్వాను కూడా, అదీ నా తెలివి, ఎన్నాళ్ళయిందో ఆ పెదవులు నా చెవి దాకా వచ్చి, ఏదో ముద్దుమాట చెప్పబోతున్నాడనుకున్నాను. వాళ్ళది హనుమకొండ, మాది భీమిలి, ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన మాటా నా మాటా కలిసిపోయి రెండూ కానిదేదో అయింది, కానీ లోపలి మాట ఏదైనా చెప్పాల్సి వస్తే ఆయనకు వాళ్ళమ్మ మాటే వస్తుంది. "ఎవ్వరు లేరు, అమ్మ మీద ఒట్టు. ఇట్ల ఉండుడు నాతోని అయితలేదు, అంతే." అప్పుడే దూరంగా నక్క చెవులు మావైపు తిరిగాయి. మంచు కింద ఎలుక గోళ్ళ చప్పుడు వినే చెవులు అవి, ఈ గుసగుస వాటికో లెక్కా, నా పెళ్ళి ముగిసిందన్న సంగతి నాతోపాటే ఆ నక్క కూడా విన్నది. నేను నోరు తెరిచాను. ఆయన వేలు తన పెదవుల మీద పెట్టుకుని, పొలంవైపు చూపించాడు. నా నియమాన్ని నాకే గుర్తు చేశాడు. "గంట సేపు ఆలోచించుకో. నేనొచ్చినాక ఏమన్నా అను, పడ్త."

అరవలేని చోటు చూసుకుని చెప్పాడు. ఇంట్లో చెబితే గిన్నెలు లేచేవి, కారులో చెబితే రోడ్డు పక్కన ఆపించి దింపేసి ఉండేదాన్ని, ఫోనులో చెబితే టొరంటోలో వాళ్ళ ఆఫీసు దాకా వెళ్ళి రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. నా నోరు ఎంతదో ఆయనకు తెలుసు. ఈ హామిల్టన్ మొత్తం మీద నేను నోరు మూసుకుని కూర్చునే చోటు ఒక్కటే ఉంది, ఈ తెల్లగుడారం, దాన్ని వెతికి పట్టుకున్నాడు. కోపం వస్తోంది. రావాలి కూడా, కోపం ఉన్నంతసేపూ ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, అది తగ్గితే ఏమవుతుందో నాకు భయంగా ఉంది. నక్క లేచి నిలబడింది. ఆయన కారు తలుపు వేసిన చప్పుడు గాలిలో తేలి వచ్చింది, నక్క ఆ చప్పుడు కూడా విని, తృప్తిగా ఒళ్ళు విరుచుకుంది.

పొద్దున పెసరట్లు వేశాను. పప్పు రాత్రే నానబోశాను, అల్లం దట్టంగా, పచ్చిమిర్చి ఆయన అట్లలో తక్కువగా, ఉప్మా కూడా చేసి మధ్యలో పెట్టి మడిచాను, ఫ్లాస్కులో టీ పోశాను, ఆయన కాళ్ళకు చలని ఉన్ని మేజోళ్ళు హీటర్ మీద ఆరబెట్టి ఇచ్చాను. పెళ్ళిచూపులకు వెళ్ళేదానిలా జుట్టు కూడా దువ్వుకున్నాను, పైన ఎలాగూ టోపీ వస్తుందని తెలిసీ. బయల్దేరే ముందు శాంత ఆంటీకి మెసేజ్ పెట్టాను, మా ఆయన ఇవాళ నాతో ఫొటోలకు వస్తున్నారు అని. ఆవిడకెప్పుడూ నేనంటే వెటకారం. తెలుగువాళ్ళ పార్టీలో పదిమందిలో అంటుంది, నక్క తోక తొక్కితే అదృష్టమంటారు, నీకు ఇంకా ఎన్ని తోకలు కావాలే హైమా, బంగారంలాంటి మొగుణ్ణి ఇంట్లో వదిలేసి, అని. అందుకే ఆవిడకే ముందు చెప్పాలనిపించింది. ఆవిడ నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. ఆ తర్వాత మా అమ్మాయి రిషిత నుంచి, ఒట్టావాలో హాస్టల్ గదిలోంచి, "లవ్ యూ మా. కాల్ మీ టునైట్, ఓకే?" అని వచ్చింది. ఊరికే ఆ పిల్ల అలా రాయదు. డబ్బులు కావాలేమో అనుకున్నాను. లేదు, ప్రేమే, యూనివర్సిటీకి వెళ్ళాక అమ్మ విలువ తెలిసింది అని కారులో ఆయనకు చదివి వినిపించాను కూడా. ఆయన కారు అద్దం తుడుచుకుంటూ ఉన్నాడు. ఇందాక, ఆయన లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, మాట బయటికి రానివ్వకుండా పెదవులతోనే రిషిత అన్నాను. తల ఊపాడు. ఆ పిల్లకు తెలుసు. నా కడుపున పుట్టినది, నాకంటే ముందు తెలుసుకుని, సాయంత్రం నన్ను ఓదార్చడానికి టైము ఖాళీ పెట్టుకుంది.

నక్క పొలంలోకి దిగింది. ఒక్కో కాలూ ఎత్తి, దులుపుకుని, మళ్ళీ పెడుతూ, పట్టుచీర తడవకుండా నడిచే పెళ్ళిపెద్దలా వస్తోంది. నేను లోపలి జేబులోంచి వెచ్చగా ఉన్న బ్యాటరీ తీసి కెమెరాలో వేశాను. చేతులు వాటంతట అవే చేస్తున్నాయి, చేతులకు ఇంకా కబురు అందలేదు. నా ఊపిరి తగిలితే అద్దం మసకేస్తుంది కాబట్టి మఫ్లర్ ముక్కు మీదికి లాక్కున్నాను, మఫ్లర్ లోపల పెసరట్ల అల్లం వాసన ఇంకా ఉంది, అక్కడ మొదటిసారి ఏడుపొచ్చింది.

ఈ కెమెరా కాదు, మొట్టమొదటిది, ఆయనే కొన్నాడు. స్కార్‌బరోలో ఆ ఎత్తు భవంతిలో మొదటి శీతాకాలం, రిషిత చంకపిల్ల, సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, మధ్యాహ్నం దాటగానే చీకటి పడే ఊరు నాకు మింగుడు పడలేదు. మంచం దిగేదాన్ని కాదు. పిల్ల ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. ఆయన ఒకరోజు సబ్‌వే దిగి, ఎవరి దగ్గరో వాడిన కెమెరా కొనుక్కుని, కోటు లోపల దాచి తెచ్చాడు. "బయట ఏదో ఒకటి చూడు హైమా. రోజుకొకటి. తీసి నాకు చూపించు, నాకు అదే జీతం" అన్నాడు. బాల్కనీ కమ్మీ మీద మంచు నాకుతున్న ఉడత, అది మొదటిది. సగం తోక తెగిపోయింది ఫొటోలో. దాన్నే తన లాప్‌టాప్ మీద పెట్టుకున్నాడు, ఆఫీసులో అందరికీ మా ఆవిడ తీసింది అని చూపించాడట. రోజూ అన్నం తినేటప్పుడు చూపించేదాన్ని. పావురం, కుందేలు, చెత్తడబ్బాలో రకూన్, ప్రతిదానికీ ఒక పేరు పెట్టేవాడు, ఇది మా మేనేజర్, ఇది మీ పెద్దమ్మ, అని. నేను కోలుకున్నాను. ఆ ఉడతలూ పావురాలూ కాదు, ఆయన అడిగేవాడు కాబట్టి కోలుకున్నాను. ఈ సంగతి ఆయనకు ఎప్పుడైనా చెప్పానా? చెప్పే ఉంటాను. అనుకున్న మాటలన్నీ చెప్పిన మాటల్లాగే గుర్తుంటాయి నాకు.

తర్వాత ఏమైంది, ఎక్కడ తెగింది, ఏ రోజని చెప్పను. హామిల్టన్ వచ్చాం, నాకు హాస్పిటల్ లాబ్‌లో ఉద్యోగం వచ్చింది, ఆయన టొరంటోకు రోజూ పోయి రావడం మొదలైంది. చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చేవాడు. ఫొటో చూపిస్తే ఫోను మీంచి కళ్ళెత్తకుండానే బాగుంది అనేవాడు. ఒకసారి పరీక్షించాను, కెమెరా ఆర్పేసి నల్లతెర చూపించాను, దానికీ బాగుందన్నాడు. నవ్వి ఊరుకున్నాను. అప్పుడే గొడవ పెట్టుకుని ఉండాల్సింది, నా నోటికి అంత పేరుంది, అవసరమైన చోట మాత్రం పనిచెయ్యలేదు. చూపించడం మానేశాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో లైకులు కొడితే అదే పదివేలు అనుకుని శనివారం, ఆదివారం పొలాల వెంట పడ్డాను. పోయిన దీపావళికి అందరిలో అన్నాడు, "మా హైమ నక్క కోసం ఎన్ని గంటలైనా కూర్చుంటది, నా కోసం పావుగంట కూర్చోదు" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, గులాబ్‌జామూన్ వడ్డిస్తూ, నక్క మాటకు మాట చెప్పదుగా అందుకని, అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఆయన మొహం చూడలేదు. గిన్నె చేతిలో ఉంది, జామూన్లు జారిపోతాయని గిన్నెనే చూశాను. కానీ ఇదంతా నా ఒక్కదాని నెత్తిన పెట్టడానికి ఒప్పుకోను. ప్రతి శనివారం పిలిచాను. రండి, కారులో కూర్చోండి చాలు, హీటర్ వేసుకోండి, అన్నాను. నిద్ర కావాలన్నాడు. ఎవరు ఎవరి కోసం కూర్చోలేదో నాకు లెక్క తేలడం లేదు.

పోనీ ఇంకొకతె ఉన్నా బాగుండేది. దాని పేరు పెట్టి తిట్టుకునేదాన్ని, దాని ఫొటో వెతికి పట్టుకుని ముక్కు వంకర, పళ్ళు ఎత్తు అని శాంత ఆంటీతో చెప్పుకునేదాన్ని. ఆవిడ అడిగే మొదటి ప్రశ్న అదే, సరిగ్గా కనుక్కున్నావా, ఎవరూ లేకుండా మగాడు ఇల్లు వదులుతాడా అని. నేను కనుక్కోనక్కర్లేదు, ఆయన వాళ్ళమ్మ మీద ఒట్టేసి అబద్ధం చెప్పడు. ఎవరూ లేరు. ఎవరూ లేకుండానే నన్ను వద్దనుకున్నాడు. అద్దె గదిలో ఒక్కడూ కూర్చుని మైక్రోవేవ్‌లో అన్నం వేడి చేసుకోవడం నాకంటే నయమనుకున్నాడు. ఇది ఎవరికి చెప్పుకుంటాను, ఏమని చెప్పుకుంటాను?

వెళ్ళకండి. ఇదే మాట. ఆయన వచ్చి తలుపుగుడ్డ ఎత్తగానే ఈ ఒక్క మాట అనాలి. మఫ్లర్ లోపల పెదవులతో ఒకసారి అని చూశాను. వెళ్ళకండి. నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను, అప్పుగానైనా, సాయంగానైనా, పురిటినొప్పుల్లో కూడా డాక్టర్ని ఏమీ అడగలేదు, అడిగితే చిన్నతనమని మా ఇంట్లో పెంపకం. ఇప్పుడు అడుగుతాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను, ఈ బూట్లు, ఈ మంచు ప్యాంటు వేసుకుని వంగడం కష్టమే గానీ. కెమెరా అమ్మేస్తాను. కాల్గరీకి నేనూ వస్తాను, అక్కడా హాస్పిటళ్ళు ఉంటాయి, అక్కడా రక్తం పరీక్షలు చేయించుకుంటారు. మొదట్నుంచీ మొదలుపెడదాం, మీరు చూడకుండా బాగుందన్నా నేనేమీ అనుకోను. వెళ్ళకండి. ఆయనకు నేను ఎప్పుడూ ఈ మాట చెప్పలేదు. చెబితే ఆగుతాడు. ఆగుతాడనే నాకు గట్టిగా అనిపిస్తోంది, ఆయన మెత్తటివాడు, ఎవరైనా నోరు తెరిచి అడిగితే కాదనలేడు. అందుకే కదా నాకు నోరు లేని చోట చెప్పాడు.

నక్క ఆగింది. ఇంత దగ్గర ఎప్పుడూ రాలేదు, మీసాల మీద మంచుపొడి కూడా కనిపిస్తోంది. తల ఒక పక్కకు వాల్చింది, మళ్ళీ రెండో పక్కకు. దాని చెవులు నేలవైపు వంగాయి. మంచు కింద ఎక్కడో ఎలుక తన దారిన తను పోతూ ఉంటుంది పాపం, పైన తన చప్పుడు ఎవరో వింటున్నారని దానికి తెలియదు. నేను ఊపిరి బిగబట్టాను. కన్నీళ్ళు కిందికి జారకుండా రెప్పల దగ్గరే గడ్డకట్టి, కన్ను మూస్తే తెరవడం కష్టంగా ఉంది. నక్క గాలిలోకి లేచింది, విల్లులా వంగి, తల కిందికి, తోక పైకి, నడుము దాకా మంచులో దిగబడిపోయింది, వెనక కాళ్ళు మాత్రం గాలిలో తన్నుకుంటున్నాయి. ఏడుస్తూనే నొక్కాను. లేచినప్పటి నుంచి దిగబడే దాకా వేలు తీయలేదు. ఏళ్ళ తరబడి ఈ ఒక్క గెంతు కోసమే కూర్చున్నాను, దొరికింది. దొరకగానే మనసులోకి వచ్చిన మొదటి మాట, అచ్యుత్‌కు చూపించాలి.

తర్వాత తెరమీద చూసుకున్నాను. వెలుతురు పెంచడం మర్చిపోయాను. కెమెరా ఇంత తెలుపును నమ్మదు, దానికి వదిలేస్తే మంచునంతా బూడిదరంగు చేసేస్తుంది, కాదమ్మా ఇది నిజంగానే తెలుపు అని ప్రతిసారీ మనమే చెప్పాలి. మొదటి రోజు నేర్చుకునే పాఠం. నా నక్క బూడిదకుప్పలో గెంతుతోంది. ఇంటికెళ్ళి కంప్యూటర్‌లో సరిచేయవచ్చు, అది పెద్ద పని కాదు. ఇల్లు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

నక్క ఎలుకను మింగి, మూతి నాక్కుని, ఉన్నట్టుండి రోడ్డువైపు చూసింది. నాకేమీ వినబడలేదు. కెమెరాను అటు తిప్పాను. అచ్యుత్ కారు దిగి వస్తున్నాడు. గంట అయిపోయినట్టుంది. పొడుగు లెన్సులో ఆయన మొహం నా ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా ఉంది, నేను చూస్తున్న సంగతి ఆయనకు తెలియదు. ఆ మొహంలో బాధ కోసం వెతికాను. ఏడ్చి ఉంటాడనుకున్నాను, కళ్ళు ఎర్రగా ఉంటాయని, నడవలేక నడుస్తూ ఉంటాడని. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎండ మొహం మీద పడుతోంది. పెదవులు గుండ్రంగా ముడిచి ఉన్నాయి. మాట్లాడుకుంటున్నాడా అని చూశాను, కాదు, ఈల వేస్తున్నాడు. నక్క విన్నది అదే. ఈ ఇరవై ఏళ్ళలో ఆయనకు ఈల వెయ్యడం వచ్చని నాకు తెలియదు. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ఆ మూడు గీతలు లేవు. చెప్పేశాడు కదా, బరువు దిగింది, భుజం మీది బస్తా దింపుకున్న మనిషి నడిచినట్టు నడుస్తున్నాడు. మా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా పక్కన మంచం మీద, ఆ మొహం నేను ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. అడిగితే ఆగుతాడు. ఆగిన మరుక్షణం ఆ మొహం పోతుంది, ఆ గీతలు మళ్ళీ వస్తాయి, వాటిని నేను రోజూ పొద్దున లేచి చూడాలి. నా గుండె పగిలింది అప్పుడు, ఆయన ఇందాక చెప్పినప్పుడు కాదు.

నక్క తోక ఊపుతూ చెట్లలోకి వెళ్ళిపోయింది. గుడారం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఈల ఆపాడు, టోపీ పెట్టుకున్నాడు, మొహం ముడుచుకున్నాడు. తలుపుగుడ్డ ఎత్తి, వంగి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఏమన్నా అను హైమా. తిట్టు."

గట్టిగా మాట్లాడవచ్చు ఇప్పుడు, వినడానికి ఎవరూ లేరు. వెళ్ళకండి అన్న మాటను పక్కన పెట్టేశాను. కెమెరాలోంచి బ్యాటరీ తీసి, లెన్సుకు మూత పెట్టి, సంచీలో సర్దాను. ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు, నా కోసం అంతసేపు నిలబడటం చాలా ఏళ్ళకు మొదటిసారి.

"కాల్గరీలో చలి ఇంకా ఎక్కువంటారు. ఈ జాకెట్ అక్కడ ఆగదు. వెళ్ళేలోపు మంచిది ఒకటి కొనుక్కోండి" అన్నాను.

ఆయన నా వైపే చూశాడు. వెళ్ళనిస్తున్నానని ఆయనకు అర్థమైంది. గ్లవ్స్ చేతులతో మొహం కప్పుకుని అక్కడే మంచులో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను లేచి గుడారం మేకులు పీకడం మొదలుపెట్టాను.